తూర్పు చూసిన పలకలు

అన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తబోతుంటే వరండాలో ఇన్వర్టర్ కూత పెట్టింది. ఒకసారి కూసి ఊరుకుంటే పట్టించుకునేదాన్ని కాదు. ఆగి ఆగి కూస్తూనే ఉంది. బ్యాటరీ అయిపోవస్తోందని చెప్పడం దాని భాషలో అట్లాగే ఉంటుంది. ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను.

పక్క గదిలో మా మామ యోగానందరెడ్డి మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు సన్నటి గొట్టం. ఆ గొట్టం రెండో కొస మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్‌కు తగిలించి ఉంటుంది. గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ అది. కరెంటు ఉన్నంతసేపు మామ ఊపిరికి ఢోకా లేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద భారం, ఇన్వర్టర్ పోతే దేవుడి మీద భారం. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది.

ఆ రోజు కరెంటు తెల్లవారుతూనే పోయింది. మధ్యాహ్నం దాటినా రాలేదు. ఆ ఏడు ఎండలు ముదరకముందే, మాఘమాసంలోనే కోతలు మొదలయ్యాయి. బొగ్గు లేదని ఒకరోజు, కొందామన్నా కరెంటు దొరకడం లేదని ఇంకోరోజు పేపర్లో రాసేవాళ్లు. జమ్మలమడుగు టౌనుకు ఒక కోత అయితే, దాని పక్కనున్న మా పల్లెకు రెండు కోతలు. లైన్‌మన్ నాగేంద్రకు ఫోన్ కొట్టాను.

"నాగేంద్రా, ఈ పొద్దు కరెంటు ఇస్తారా, ఇయ్యరా?"

"నా చేతిలో ఏముందక్కా? పైనుంచే ఆపినారు. సాయంత్రానికి ఇస్తామంటాండారు."

"సాయంత్రం దాకా నువ్వొచ్చి మా మామకు ఊపిరి ఊదుతావా?"

"అట్ల అంటే ఎట్లక్కా..." అని నసిగి పెట్టేశాడు. వాడి తప్పు లేదని నాకూ తెలుసు. కానీ కోపం దొరికినవాడి మీదే కదా పోతుంది! నా పేరు సుభాషిణి. పేరు పెట్టినవాళ్లు నేను నోరు తెరవకముందే పెట్టేశారు, పాపం.

మా ఆయన ఫణీంద్ర ఇంట్లో లేడు. అవసరానికని ఇంట్లో ఉంచుకున్న ఆక్సిజన్ సిలిండర్ ముందురోజు కోతలో ఖాళీ అయింది. దాన్ని ఆటోలో వేసుకుని నింపించుకు రావడానికి పొద్దున్నే ప్రొద్దుటూరు పోయాడు. ఆయనకు ఫోన్ కొట్టాను.

"యాడుండావు?"

"క్యూలోనే ఉండా. ఈళ్లకూ కరెంటు లేదంట. జనరేటర్ మీద కొంచెం కొంచెం నింపుతాండారు. ముందు ఆస్పత్రులకిచ్చి ఆ తర్వాతే మనకంట."

"ఈడ ఇన్వర్టర్ కూస్తాంది."

"నూటెనిమిదికి చెయ్," అన్నాడు. అదీ చేశాను. మా వైపు అంబులెన్స్ ముద్దనూరు దగ్గర యాక్సిడెంట్ అయితే పోయిందట, వచ్చేసరికి గంట పైనే పడుతుందన్నారు. మామను ఆటోలో ఎక్కించుకుపోదామంటే, గొట్టం లేకుండా మంచం దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఆయన పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు అవుతాయి.

ఇన్వర్టర్ కూస్తూనే ఉంది. ఫ్రిజ్ ఆపాను, ఫ్యాన్లు ఆపాను. దేవుడి గూట్లో ఎర్రబల్బు కూడా పీకేశాను. ఇక దాని మీద నడిచేది మిషన్ ఒక్కటే. బయటికొచ్చి చూస్తే ఎండ! కండ్లు తెరవనీయనంత ఎండ. మా మిద్దె మీద రెండు పెద్ద సోలార్ పలకలున్నాయి. అంత ఎండ కాస్తుంటే, అన్ని దుడ్లు పోసి పలకలు పెట్టించుకుంటే, లోపల మనిషికి ఊపిరి కరువు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే ఆ పలకలు తూర్పు చూస్తున్నాయి.

మా మామకు వాస్తు పిచ్చి. మామూలు పిచ్చి కాదు. మా వంటిల్లు ఇప్పటికి మూడు మూలలు తిరిగింది. వీధిలో ఎవరు పునాది తీసినా చేతికర్ర పట్టుకుని పోయి, అడగకపోయినా దిక్కులు చెప్పి వచ్చేవాడు. అన్నిటికంటే ఆయనకు దక్షిణం అంటే పడదు. యముని దిక్కు. మా ఇంటికి దక్షిణాన కిటికీ కాదు కదా, గోడకు బొక్క కూడా లేదు.

సోలార్ పెట్టడానికి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పిల్లోడు, "మన దేశంలో పలకలు దక్షిణం చూడాల పెద్దాయనా, అప్పుడే పొద్దంతా ఎండ తగుల్తాది," అని చెప్పాడు. మామ ఒప్పుకుంటేనా!

"నా ఇంటి మీద ఏ వస్తువూ యముని మొగం చూడదు. సూర్యుడు పుట్టేది యాడ? తూర్పున. పుట్టే దిక్కు చూడాలగానీ పోయే దిక్కు కాదప్పా!"

ఆ పిల్లోడు ఇంకేం చెప్తాడు? చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. పక్క వీధిలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న ఇనాయతుల్లాను పిలిపించి, మామ దగ్గరుండి ఎత్తయిన ఇనుప స్టాండు చేయించాడు. పలకలు రెండూ ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిక్కి నిలబడ్డాయి. పొద్దున పూట కరెంటు బాగానే వచ్చేది. "చూసినావా!" అని మామ మీసం దువ్వేవాడు. మధ్యాహ్నం నుంచి పలకల మొహాన నీడే. అయినా ఆ వేళకు మామూలు కరెంటు ఉండేది కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలిసేది కాదు. తెలిసింది నాకొక్కదానికే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అని వంటింట్లో గొణిగితే, అది విని రెండు రోజులు నా చేతి కాఫీ ముట్టలేదు ఆ మహానుభావుడు.

మా పోట్లాటలు అట్లాగే ఉంటాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఈ ఇంట్లో నాతో సమానంగా నోరున్నది ఆయనకొక్కడికే. నాకు జ్వరం వస్తే పులివెందుల నుంచి చీనీకాయలు గంపతో తెప్పించి, "తిని లేచి మళ్లా అరువు. ఇల్లు బోసిపోయింది," అన్న మనిషి. ఆయన లేని ఇంట్లో నేనెవరితో కొట్లాడాలి?

చెప్పుల్లేకుండానే మిద్దె ఎక్కాను. పొద్దు పడమటికి వాలి ఉంది. పలకల వీపులు ధగధగలాడుతున్నాయి, ముఖాలు నల్లగా నీడలో ఉన్నాయి. పిట్టగోడ దగ్గరికి పోయి కేక పెట్టాను.

"ఇనాయతుల్లా! ఒరే ఇనాయతుల్లా! పానాలు తీసుకుని రారా, మామకు గాలి అయిపోతాంది!"

షాపులో కరెంటు లేక ఖాళీగానే ఉన్నట్టున్నాడు, రెండు అంగల్లో వచ్చాడు. పలకల వైపు చూసి, సూర్యుడి వైపు చూసి, అంతా అర్థమైనవాడిలా తల ఊపాడు.

"స్టాండునే దక్షిణానికి తిప్పేద్దాం అక్కా. కానీ తిప్పాలంటే ముందు వైరు పీకాల. అంతసేపూ మామ ఉత్త బ్యాటరీ మీదనే ఉండాల."

"బ్యాటరీ ఎంతసేపు ఆగుతాది?"

"ఆ కూత వింటాంటే... శానా సేపు ఆగదు. తిప్పకపోయినా ఆగదులే."

మొదటి బోల్టు మీద పానా వేసి కొట్టాడు. ఆ చప్పుడు కిందికి వినబడింది. వెంటనే మా అత్త వెంకటసుబ్బమ్మ గొంతు, "సుభా, మామ పిలుస్తాండాడు!" అని. గబగబా దిగాను. ఇనాయతుల్లా కూడా, పెద్దాయన ఏమంటాడోనని, నా వెనకాలే వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"ఏమ్మే... మిద్దె మీద ఏందా చప్పుడు?" మామకు ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి కావాలి.

"పలకలు తిప్పుతాండాం మామా. దక్షిణానికి."

"వద్దు."

"బ్యాటరీ అయిపోతాంది."

"కరెంటు... వచ్చాది."

"రాదు! సాయంత్రం దాకా రాదంట. ఆయన క్యూలో ఉండాడు, నూటెనిమిది ముద్దనూరులో ఉంది. ఉన్నది ఆ ఎండ ఒక్కటే మామా!"

ఆయన చెయ్యి మెల్లగా లేచి ముక్కు దగ్గరి గొట్టం మీద పడింది. "యముని దిక్కు... తిప్పినావంటే... ఇది పీకి... పారేస్తా."

నాకు పిచ్చి కోపం వచ్చింది. "పీకు! పీకేసుకో! నీ వాస్తు చల్లగుండ! మేం ఈడ నీ ప్రాణం కోసం చస్తాంటే నువ్వు దిక్కులు లెక్కపెడతాండావా?"

అనేశాను. ఆ మాట నోటి నుంచి పోయిందో లేదో, ఆయన నిజంగానే గొట్టం ఒకవైపు లాగేశాడు. మొండి మనిషి. అన్నంత పనీ చేస్తాడు. పెదవుల రంగు నా కళ్ల ముందే మారుతోంది. నేను మంచం దగ్గరికి ఉరికేలోపే, అక్కడ ఇంకొకరు ఉన్నారు.

మా అత్త ఆయన మాటకు ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన వంటిల్లు మార్చమంటే పొయ్యి ఎత్తుకుని ఆ మూలకు నడిచిన మనిషి. ఆమె మంచం మీద కూర్చుని, గొట్టాన్ని తిరిగి ముక్కుకు పెట్టి, ఆయన రెండు చేతులూ తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుంది.

"గమ్మునుండు," అంది.

మామ నిర్ఘాంతపోయి చూశాడు.

"మన బండల ఫ్యాక్టరీ షెడ్డుకు దక్షిణం గోడన కిటికీలుండె. గుర్తుందా? గాలంతా ఆడనుంచే వచ్చేది. యముడు వస్తాడని నువ్వే ఇటుకలు పెట్టి మూయించినావు. నేను నీకు సద్ది తెచ్చి తలుపు తీస్తే, లోపల మనుషులు కనపడేటోళ్లు కాదు. ఉత్త దుమ్ము. మొగాలకు తువ్వాళ్లు కట్టుకొని తడుముకుంటా తిరిగేటోళ్లు. అప్పుడే చెప్దామనుకున్నా. నువ్వు అరుస్తావని చెప్పలేదు. యముడు బయటనుంచి యాడ వచ్చినాడు? కిటికీలు మూసేసరికి లోపలే ఉండిపాయె. నీ రొమ్ములో కూసోని ఉండాడు ఇప్పుడు."

జమ్మలమడుగు బండలంటే ఒకప్పుడు మంచి గిరాకీ. మామ ముప్పై ఏళ్లు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ నడిపాడు. ఆ రాతిదుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుందని కర్నూలు డాక్టరు చెప్పినప్పుడు మేం కర్మ అనుకున్నాం. కిటికీల సంగతి నేను వినడం అదే మొదటిసారి.

గడప బయట ఇనాయతుల్లా కదలకుండా నిలబడి ఉన్నాడు. వాడి తండ్రి అలీ అహ్మద్ ఆ షెడ్డులోనే పాలిష్ మిషన్ మీద పనిచేసి, దగ్గి దగ్గి చచ్చిపోయాడు. మామ చూపు అత్త మీద నుంచి వాడి మీదికి పోయింది. వాడు తల దించుకుని పానా వైపు చూసుకున్నాడు.

మామ చేతులు అత్త చేతుల్లో వదులయ్యాయి.

"పోండి, తిప్పండి," అంది అత్త మా వైపు చూడకుండానే.

ఇక మేం మెట్లెక్కిన తీరు దేవుడికే తెలియాలి. ఇనాయతుల్లా వైరు పీకాడు. బోల్టులు తుప్పుపట్టి కరుచుకుపోయాయి. కిరసనాయిలు పోసి, పానాకు ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరం కలిసి వేలాడితే ఒకటి కదిలింది. కిందనుంచి కూత వినిపిస్తూనే ఉంది. ఇంతకుముందు ఆగి ఆగి కూసేది, ఇప్పుడు సందు లేకుండా కూస్తోంది. మూడో బోల్టు దగ్గర ఇనాయతుల్లాకు దగ్గు వచ్చింది. ఒంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎంతకూ ఆపడే!

"దగ్గడం మళ్లా దగ్గుదువులేరా, ముందు తిప్పు!" అని అరిచాను.

"తిప్పుతాండా అక్కా," అని కళ్లు తుడుచుకుని మళ్లీ పానా పట్టాడు.

ఆఖరి బోల్టు ఊడుతుండగా కూత ఆగిపోయింది.

అంతసేపూ ఆ కూత ఎప్పుడాగుతుందా అని తిట్టుకున్నదాన్ని, అది ఆగేసరికి నా గుండె ఆగినంత పనైంది. కూత ఆగిందంటే ఇన్వర్టర్ చేతులెత్తేసిందని అర్థం. కిందనుంచి అత్త కేక వేసింది.

"సుభా! మిషన్ ఆగిపాయె!"

"పట్టక్కా!" అన్నాడు ఇనాయతుల్లా. స్టాండు చెరొక వైపు పట్టుకున్నాం. ఎండకు ఇనుము కాలిపోతోంది. చీర కొంగు చుట్టుకుని పట్టుకున్నా అరచేతులు చురుక్కుమన్నాయి. ఎత్తలేక ఈడ్చాం. పలకలు ఊగాయి. ఒకటి విరిగిందా, అంతా అయిపోయినట్టే. కింద అత్త గొంతు వినిపిస్తోంది: "మెల్లగా... మూతి సున్నా చేసి వదులు... నా మొగం చూడు... మళ్లా పీల్చు." మామ ఊపిరి తీస్తున్న శబ్దం మిద్దె మీదికి వస్తోంది. తడి గుడ్డ చించుతున్నట్టుంది ఆ శబ్దం. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఈడ్చాను.

స్టాండు తిరిగింది. పలకల ముఖాల మీదికి ఎండ ఒక్కసారిగా ఎక్కింది. బోల్టులు బిగించే తీరిక లేదు. రెండు బండరాళ్లు దొర్లించి కాళ్ల మీద పెట్టి, ఇనాయతుల్లా వైరు కలిపాడు. నేను అప్పటికే మెట్లమీద ఉన్నాను. వరండాలో ఇన్వర్టర్ మీద ఎర్రలైటు. బటన్ నొక్కాను, రాలేదు. మళ్లీ నొక్కాను.

"ఆగక్కా, ఊరికే నొక్కద్దు!" పైనుంచి వాడి కేక. "బ్యాటరీకి కొంచెం పట్టుకోనీ!"

ఆగడమెట్లా? గదిలోకి చూశాను. అత్త మామను ముందుకు వంచి, తన భుజం మీద ఆనించుకుని కూర్చుని ఉంది. ఒక చేత్తో విసనకర్ర విసురుతోంది. ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. తిట్టడానికి ఊపిరి లేని కళ్లు. గోర్లు నీలంగా మారిపోయాయి.

"మామా, వచ్చాంది. పట్టుకో. ఇంగొక్క రవ్వ పట్టుకో," అన్నాను. అబద్ధమో నిజమో నాకు తెలియదు.

మళ్లీ బటన్ నొక్కాను. ఎర్రలైటు రెండుసార్లు మిణుకుమని, పచ్చగా మారింది. గదిలో మిషన్ ఒకసారి గురగుర అని, దగ్గినట్టు దగ్గి, అందుకుంది. ఎప్పుడూ నా చెవులకు రంపంలా ఉండే ఆ మోత ఆ పూట ఎంత బాగుందో! అక్కడే నేల మీద కూలబడి బోరుమని ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు.

పొద్దు వాలేదాకా మిషన్ ఆగలేదు. ఇంకా వెలుతురుండగానే మా ఆయన సిలిండర్ నింపించుకుని ఆటోలో వచ్చాడు. ఆ వెనకే నూటెనిమిది కూడా వచ్చింది. అందులో వచ్చిన నర్సు పిల్ల మామ వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసి, ఇప్పటికి భయం లేదని, రేపు ఆస్పత్రికి తీసుకురమ్మని చెప్పి పోయింది. ఇనాయతుల్లా మిద్దె మీద స్టాండుకు కొత్త బోల్టులు బిగించి, చేతులు కడుక్కోవడానికి దొడ్డివైపు పోతుంటే మామ చెయ్యి ఎత్తాడు.

"వాణ్ణి... పిలువు."

వాడు వచ్చి ఎప్పటిలాగే గడప బయట నిలబడ్డాడు. మామ లోపలికి రమ్మని సైగ చేశాడు. చాలాసేపు వాడి మొహం చూశాడు. తిడతాడేమో, తిడితే నేనూరుకోనని మనసులో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మీ నాయన... కడాకు... ఎట్ల పోయినాడురా?"

ఇనాయతుల్లా నా వైపు, అత్త వైపు చూశాడు. చెప్పాలా వద్దా అన్నట్టు. అత్త చెప్పమన్నట్టు తలాడించింది.

"కూసోనే పోయినాడు మామా. పండుకుంటే ఊపిరి ఆడేది కాదు. మాయమ్మ వీపుకు వీపు ఆనించి కూసునేది, రాత్రంతా. ఇట్లాంటి మిషన్ ఉంటాదని మాకు తెలీదు. తెలిసినా, అప్పుడు మా ఇంటికి మీటరే లేకపాయె."

మామ ముక్కు దగ్గరి గొట్టాన్ని ఒకసారి తడుముకున్నాడు.

"నువ్వూ... చేసినావు కదరా ఆడ. మీ నాయనతో."

"చేసినా మామా. వెల్డింగ్ నేర్చుకునేదాకా."

"దగ్గు... ఉందా?"

వాడు చేతులకంటిన గ్రీజును లుంగీకి తుడుచుకున్నాడు. మిద్దె మీద నేను అరిచిన అరుపు అప్పుడు గుర్తొచ్చి, నా తల దానంతటదే వంగిపోయింది.

"ఉంది మామా."

"ఎప్పటి నుంచి?"

"మీకు మొదలైనప్పటి నుంచే," అన్నాడు ఇనాయతుల్లా.